గుర్రాన్ని అడగని ప్రశ్నలు

ఉద్యోగంలో చేరిన రోజు నా చేతికి ఓ ఫారం ఇచ్చారు. ఒక ప్రైవేటు డిగ్రీ కాలేజీలో తెలుగు లెక్చరర్ పోస్టు. డాక్టరేట్ వచ్చి ఏడాది దాటాక దొరికిన మొదటి పూర్తికాలపు ఉద్యోగం. పేరు, పుట్టిన తేదీ, కులం, చదువు, ఇంతకుముందు చేసిన పని, అన్నీ హుషారుగానే నింపుకుంటూ వచ్చాను. చివరి పేజీలో ‘మహిళా అభ్యర్థులకు మాత్రమే’ అని ఒక శీర్షిక. దాని కింద ఏడు గళ్లు. నెలసరి సక్రమంగా వస్తుందా? ఎన్నిసార్లు గర్భం దాల్చారు? అందులో నెలలు నిండినవి ఎన్ని? చివరి కాన్పు ఎప్పుడు? చివరి నెలసరి తేదీ ఏది? ప్రస్తుతం గర్భవతా? గర్భస్రావం ఏమైనా జరిగిందా?

జరిగింది. ఆ రోజుకి సరిగ్గా తొమ్మిది వారాల కిందట. మూడో నెలలో.

పెన్ను పట్టుకుని చాలాసేపు కూర్చున్నాను. ఆఫీసులో గుమాస్తా మంచి మనిషే. “ఖాళీలు వదిలేస్తే పైన సంతకం పెట్టరు మేడమ్. ఏదో ఒకటి రాసేయండి” అన్నాడు. ఏదో ఒకటి రాసేశాను. గర్భాల సంఖ్య దగ్గర సున్నా పెట్టాను. గర్భస్రావం దగ్గర ‘లేదు’ అన్నాను. చివరి నెలసరి తేదీ కూడా ఊహించి రాసిందే. అప్పటికింకా నా ఒళ్లు ఓ లెక్కకి రాలేదు. పేజీ అడుగున ఒక వాక్యం ఉంది. పైన చెప్పిన వివరాల్లో ఏది అబద్ధమని తేలినా ఎలాంటి నోటీసూ లేకుండా తొలగించవచ్చని దాని భావం. దాని కింద సంతకం చేశాను.

ఆ ఏడాది మొదటి సెమిస్టర్‌లో నేను పాఠం చెప్పింది ‘నీలిమేఘాలు’ సంకలనం మీద. 1993లో ఓల్గా సంపాదకత్వంలో వచ్చిన ఆ పుస్తకం లేకుండా తెలుగులో స్త్రీవాద కవిత్వం గురించి మాట్లాడలేం. పాటిబండ్ల రజని ‘అబార్షన్ స్టేట్‌మెంట్’, కొండేపూడి నిర్మల ‘లేబర్ రూం’ లాంటి కవితలు వచ్చినప్పుడు ఎంత దుమారం రేగిందో, వీటిని కవిత్వమే కాదన్నవాళ్లు ఎలా మాట్లాడారో పిల్లలకి చెబుతున్నాను. శరీరం గురించి స్త్రీలు నోరు విప్పడం ఎంత అవసరమో చెబుతున్నాను. చెబుతూ చెబుతూ ఒక్క క్షణం ఆగిపోయాను. రజని కవిత పేరులో ఉన్నది కూడా స్టేట్‌మెంటే. నేను ఫారంలో ఇచ్చినదీ స్టేట్‌మెంటే. ఒకటి నోరు విప్పింది, ఇంకొకటి అబద్ధమాడింది. మరి నేను పిరికిదాన్నా? ఈ ప్రశ్న నన్ను సాహిత్యం అలమారా దగ్గర్నుంచి న్యాయశాస్త్రం అలమారా దగ్గరికి నడిపించింది. ఒప్పంద పత్రాలు ఆడవాళ్ల ఒంటిని ఎప్పట్నుంచి, ఏమని అడుగుతున్నాయో వెతుక్కుంటూ వెళ్లాను. ఈ వ్యాసం ఆ వెతుకులాటే.

మన దేశంలో ఒప్పందాలన్నిటికీ మూలం 1872 నాటి కాంట్రాక్టు చట్టం. అందులో పదిహేడో సెక్షన్ మోసం అంటే ఏమిటో చెబుతుంది. ఊరికే మౌనంగా ఉండడం మోసం కాదంటుంది. మాట్లాడాల్సిన బాధ్యత ఉన్నప్పుడో, మౌనమే మాటతో సమానమైనప్పుడో మాత్రమే అది మోసమవుతుంది. దీన్ని వివరించడానికి చట్టం ఒక గుర్రాన్ని తీసుకొచ్చింది. ఒకడు వేలంలో గుర్రాన్ని అమ్ముతున్నాడు. దానికి జబ్బుందని వాడికి తెలుసు. కొనేవాడికి చెప్పలేదు. ఇది మోసమా? కాదు. తర్వాతి ఉదాహరణలో కొనేది అప్పుడే మైనారిటీ తీరిన అతని కూతురు. తండ్రీకూతుళ్ల బంధం ఉంది కాబట్టి అక్కడ చెప్పి తీరాలి. ఆ సెక్షన్ ఉదాహరణలన్నిటిలో కనిపించే ఒకే ఒక స్త్రీ ఆ కూతురు. ఆమె కూడా కొనుగోలుదారుగానే కనిపిస్తుంది.

ఇది చదివి నవ్వుకున్నాను. తర్వాత నవ్వు రాలేదు. గుర్రాన్ని అమ్మేవాడికి మౌనంగా ఉండే హక్కు 1872 నుంచీ ఉంది. అంటే సామాన్య సూత్రం మౌనమే. చెప్పి తీరాలన్నది మినహాయింపు. మరి శ్రమని అమ్ముకోవడానికి వచ్చిన నా దగ్గరికి వచ్చేసరికి ఆ సూత్రం తలకిందులు ఎలా అయింది?

తలకిందులు చేయడం కొత్త కాదు. అదే కాంట్రాక్టు చట్టం కాలంలో మన తీర జిల్లాల నుంచి వేలమంది మద్రాసు రేవులో ఓడలెక్కారు. మద్రాసు నుంచి ఫిజీకి కూలీల వలస 1903లో మొదలైంది. తమిళులతో పాటు తెలుగువాళ్లూ వెళ్లారు. అగ్రిమెంట్ అన్న మాట నోళ్లలో నలిగి ‘గిర్మిట్’ అయింది. ఆ పత్రాలు చదివితే చాలా సంగతులు తెలుస్తాయి. ఎక్కే ముందు డిపో డాక్టరూ ఓడ డాక్టరూ పరీక్ష చేసి, ఈ మనిషికి శారీరక, మానసిక రోగాలేవీ లేవని, పనికి తగినవారని ధ్రువీకరించాలి. నూరుమంది మగవాళ్లకి నలభైమంది ఆడవాళ్లు ఉండాలన్నది నియమం. ఒప్పందం అయిదేళ్లకి. ఒక ‘టాస్క్’ అంటే మగవాడికి ఆరు గంటలు నిలకడగా చేసే పని, ఆడదానికి నాలుగున్నర గంటల పని. కూలి మగవాడికి ఒక షిల్లింగు, ఆడదానికి తొమ్మిది పెన్నీలు. ఆడదాని ఒంట్లో బలమెంతో, మగవాడి బలంలో ముప్పాతిక వంతని అంత కచ్చితంగా లెక్క కట్టిన ఆ షరతుల్లో కడుపుతో ఉన్న మనిషి సంగతేమిటన్నది ఎక్కడా లేదు. అయిదేళ్లపాటు ఆడవాళ్లు పనిచేసే చోట గర్భాలు, కాన్పులు ఉంటాయని వాళ్లకి తెలియదా? నియామకాలు 1917లో ఆగిపోయి, 1920 జనవరి 1న మిగిలిన ఒప్పందాలు రద్దయ్యేదాకా ఆ కాగితం అలాగే ఉంది. కూలీ తన ఒంటిని చూపించాలి. తోటలో ఏముందో, అక్కడ పిల్లలు బతుకుతారో లేదో యజమాని చెప్పనక్కర్లేదు. వెల్లడి ఎప్పుడూ ఒకవైపు నుంచే.

చెప్పి తీరాల్సిన మినహాయింపుల్లో పెద్దది బీమా. బీమా ఒప్పందం సంపూర్ణ విశ్వాసం మీద నడుస్తుందంటారు న్యాయవాదులు. నా ఒంట్లో ఏముందో నాకే తెలుసు, కంపెనీకి తెలియదు. ఆ రిస్కు చూసుకునే కంపెనీ ప్రీమియం నిర్ణయిస్తుంది. కాబట్టి పాలసీ తీసుకునేవాళ్లు ఉన్నదున్నట్టు చెప్పాలి. ఇందులో న్యాయం ఉంది, కాదనను. అయితే అక్కడ కూడా ఒక హద్దు ఉంది. 1938 నాటి బీమా చట్టంలోని 45వ సెక్షన్‌కి 2015లో వచ్చిన సవరణ ప్రకారం, మూడేళ్లు దాటిన జీవిత బీమా పాలసీని ఏ కారణం చూపీ ప్రశ్నించడానికి వీల్లేదు. అంటే దాచిపెట్టడానికి కూడా కాలదోషం పడుతుంది. నా ఫారం అడుగున ఉన్న వాక్యానికి మాత్రం ఏ గడువూ లేదు.

బీమా గురించి ఇంతగా చెప్పడానికి కారణముంది. మన దేశంలో ఆడవాళ్ల ఉద్యోగ ఫారాల చరిత్రలో ముఖ్యమైన కేసు బీమా సంస్థ మీదే వచ్చింది. నీరా మాథుర్ కేసు అది. 1989లో ఆమె జీవిత బీమా సంస్థలో అసిస్టెంట్ ఉద్యోగానికి పరీక్ష రాసి, ఇంటర్వ్యూలో నెగ్గారు. డిక్లరేషన్ ఫారం నింపారు. సంస్థ ఆమోదించిన లేడీ డాక్టర్ పరీక్ష చేసి, ఆరోగ్యంగా ఉన్నారని రాశారు. సెప్టెంబరులో ప్రొబేషన్ మీద చేరారు. డిసెంబరు చివర ప్రసూతి సెలవు పెట్టారు. 1990 జనవరిలో కాన్పయింది. ఫిబ్రవరి 13న, ఇంకా సెలవులో ఉండగానే, ఉద్యోగం నుంచి తీసేశారు. ఉత్తర్వులో కారణం రాయలేదు. కోర్టులో మాత్రం చెప్పారు: ఫారంలో చివరి నెలసరి తేదీ ఆమె తప్పుగా రాశారట. బిడ్డ పుట్టిన రోజు నుంచి వెనక్కి లెక్కపెట్టి ఆ అబద్ధం పట్టుకున్నారు.

ఆ ఫారంలోని గళ్లు తీర్పులో వరసగా ఉన్నాయి. చదువుతుంటే చేతులు చల్లబడ్డాయి. దాదాపు నా ఫారమే అది. అవే ప్రశ్నలు. ఇన్నేళ్ల తర్వాత, ఇంకో రాష్ట్రంలో, ఇంకో సంస్థలో ఎవరో దాన్ని ఎక్కణ్నుంచో దించుకుని అచ్చు వేయించారు. ఎవరు, ఎందుకు అడుగుతున్నారో ఆలోచించే పని లేకుండానే ప్రశ్నలు ఒక బల్ల నుంచి ఇంకో బల్లకి ప్రయాణం చేస్తాయి. పితృస్వామ్యానికి ప్రతిసారీ పెద్ద కుట్ర అక్కర్లేదు. ఒక నమూనా ఫారం చాలు.

హైకోర్టులో నీరా మాథుర్ ఓడిపోయారు. సుప్రీంకోర్టు 1991లో ఆమె పక్షాన నిలబడింది. ఆమెను తిరిగి ఉద్యోగంలోకి తీసుకోమంది. అలాంటి ప్రశ్నలు అవమానకరం కాకపోయినా ఇబ్బందికరమేనని చెప్పి, ఆ గళ్లు తీసేయడం మంచిదని సంస్థకి సూచించింది. ఈ తీర్పుకి నేను రుణపడి ఉన్నాను. అయినా సాహిత్య విద్యార్థిని కాబట్టి మాటలు పట్టుకుని చదవకుండా ఉండలేను.

ఆ తీర్పు స్త్రీని కాపాడింది దేని పేరు మీద? బిడియం, ఆత్మగౌరవం ఉన్న స్త్రీ ఇలాంటివి బయటికి చెప్పుకోలేకపోవచ్చునన్న ఆలోచన మీద. ఇంకో మాట కూడా ఉంది. ఉద్యోగంలో చేరేటప్పటికే గర్భవతి అయిన మనిషికి ప్రసూతి సెలవు ఇవ్వకూడదన్నదే సంస్థ ఉద్దేశమైతే, గర్భ పరీక్షతో సహా వైద్య పరీక్ష చేయించుకోవచ్చునంది. అలా సెలవు నిరాకరించడం చట్టబద్ధమా కాదా అన్నది మాత్రం తేల్చలేదు. అంటే తప్పు అడగడంలో లేదు, మాటల్లో అడగడంలో ఉంది. సిగ్గుపడే స్త్రీకి రక్షణ దొరికింది. సిగ్గులేమీ పడకుండా “అది మీకు అనవసరం” అనే స్త్రీ ఆ తీర్పులో ఇంకా పుట్టలేదు.

దానికి పదేళ్ల ముందు, 1981లో, ఎయిరిండియా ఎయిర్ హోస్టెస్‌ల కేసులో కూడా ఇలాగే సగం సగం జరిగింది. మొదటిసారి గర్భం రాగానే ఉద్యోగం పోతుందన్న నిబంధనని సుప్రీంకోర్టు తీవ్రంగా ఖండించి కొట్టేసింది. చేరిన నాలుగేళ్లలోపు పెళ్లి చేసుకోకూడదన్న షరతుని మాత్రం సబబేనంది. కడుపు మీద ఆంక్ష పోయింది, పెళ్లి మీద ఆంక్ష ఉండిపోయింది.

సిగ్గు మీద నిలబెట్టిన రక్షణ ఎంత పలచనో తర్వాతి సంవత్సరాలు చూపించాయి. నీరా మాథుర్ తీర్పు వచ్చిన పదహారేళ్లకి, 2007లో, ఐఏఎస్ వంటి అఖిల భారత సర్వీసుల అధికారుల పనితీరు నివేదికకి జతచేసిన ఆరోగ్య పరీక్ష పత్రం నెలసరి వివరాలు, చివరి కాన్పు తేదీ అడిగింది. జిల్లాలు నడిపే మహిళా అధికారులు బాహాటంగా అభ్యంతరం చెప్పాల్సి వచ్చింది. 2021 డిసెంబరు చివర స్టేట్ బ్యాంక్ ఆఫ్ ఇండియా కొత్త మార్గదర్శకాలు ఇచ్చింది. ఎంపికైన మహిళ మూడు నెలలు దాటిన గర్భవతి అయితే ‘తాత్కాలికంగా అన్‌ఫిట్’ అని, కాన్పయ్యాక నాలుగు నెలల్లోపు చేరవచ్చని అందులో ఉంది. దేశమంతా గగ్గోలు పుట్టాక 2022 జనవరిలో వెనక్కి తీసుకున్నారు. ఇక్కడ ప్రశ్న లేదు, సిగ్గుపడాల్సిన గడీ లేదు. అన్‌ఫిట్ అన్న ఒక్క మాట ఉంది. నీరా మాథుర్ తీర్పులోని బిడియం వాదం ఈ మాట ముందు ఏం చేయగలదు?

హైదరాబాదులో గల్ఫ్‌కి వెళ్లేవాళ్లకి పరీక్షలు చేసే కేంద్రాల దగ్గర పొద్దున్నే బారులు తీరతారు. కడప నుంచి, గోదావరి జిల్లాల నుంచి ఇళ్లల్లో పనికి కువైట్ వెళ్లే ఆడవాళ్లు ఎందరో. ఛాతీ ఎక్స్‌రే, హెచ్‌ఐవీ, కామెర్ల పరీక్షలతో పాటు గర్భ పరీక్ష కూడా ఉంటుంది. గర్భం ఉంటే అన్‌ఫిట్. సరే, ఆ ఇంట్లో ఎంతమంది ఉంటారు, మంచాన పడ్డవాళ్లు ఎవరైనా ఉన్నారా, అంటురోగాలున్నాయా, పడుకోవడానికి తలుపు గడియపడే గది ఉందా అని ఈమె అడగడానికి ఏ ఫారంలో గడి ఉంది? మద్రాసు రేవు నుంచి శంషాబాద్ విమానాశ్రయం దాకా వెల్లడి దిక్కు మారలేదు.

ప్రశ్నలన్నీ తప్పే అనడం లేదు. ఎక్స్‌రే గదిలో పనిచేసే అమ్మాయి గర్భవతి అయితే ఆ సంగతి చెప్పుకోవడం ఆమెకే మేలు. అక్కడ ఆ కబురు ఆమెని రేడియేషన్ నుంచి దూరంగా జరపడానికి, ఉద్యోగం నుంచి దూరంగా జరపడానికి కాదు. అసలు తేడా ఇక్కడే ఉంది. అడిగే ప్రశ్నకి ఆ పనితో సంబంధం ఉందా? జవాబు ఎవరి మేలుకి వాడతారు? ఎవరి బీరువాలో ఉంటుంది? ఎన్నాళ్లుంటుంది? ఈ నాలుగింటికీ జవాబు చెప్పలేని గడి ఏ ఒప్పందంలోనూ ఉండకూడదు.

ఇది ఊహాలోకపు కోరిక కాదు. 2017లో వచ్చిన హెచ్‌ఐవీ, ఎయిడ్స్ చట్టం ఉద్యోగం ఇవ్వడానికి హెచ్‌ఐవీ పరీక్ష షరతుగా పెట్టకూడదంది. ఆ మనిషి తెలిసి ఇచ్చిన అంగీకారం లేకుండా వివరం బయట పెట్టకూడదంది. అదే ఏడాది గోప్యత ప్రాథమిక హక్కని సుప్రీంకోర్టు తొమ్మిదిమంది న్యాయమూర్తుల ధర్మాసనం ఒక్క గొంతుతో చెప్పింది. 2021లో సైన్యంలో మహిళా అధికారుల కేసు వచ్చింది. మగ అధికారులు సర్వీసు మొదటి సంవత్సరాల్లో, వయసులో ఉండగా నెగ్గిన ‘షేప్-1’ ఆరోగ్య ప్రమాణాన్ని, నలభైలు దాటిన ఆడవాళ్లని ఇప్పుడు నెగ్గమన్నారు. ఒకప్పుడు వాళ్లకి శాశ్వత కమిషన్ అడిగే అర్హతే ఇవ్వలేదు కాబట్టి ఆ వయసులో ఆ పరీక్షకి వాళ్లని పిలవనేలేదు. పైకి అందరికీ ఒకే ప్రమాణంలా కనబడేది లోపల వివక్ష కాగలదని కోర్టు గుర్తించింది. సిగ్గు దగ్గర్నుంచి సమానత్వం దగ్గరికి మాట మారింది. ముప్ఫై ఏళ్లు పట్టింది.

మళ్లీ నా క్లాసురూముకి వస్తాను. రజని, నిర్మల మాట్లాడడం, నేను ‘లేదు’ అని రాయడం ఒకదానికొకటి ఎదురు కాదని నెమ్మదిగా అర్థమైంది. వాళ్లు తమంతట తాము, తమకి నచ్చిన మాటల్లో, తమలాంటి ఆడవాళ్లు వింటారని చెప్పారు. ఎవరికి చెప్పాలో ఎంచుకున్నారు. ఫారం నా చేత చెప్పించబోయింది. నేను చెప్పే మాటతో నన్ను తూచబోయింది. నోరు విప్పే హక్కుకీ నోరు మూసుకునే హక్కుకీ మూలం ఒకటే. స్త్రీవాదం మనకి మొదటిది బాగా నేర్పింది. రెండోదాని గురించి ఇంకా రాయాల్సి ఉంది.

ఇంత చదివాక కూడా ఒక సంగతి నన్ను వదల్లేదు. ఆ తొమ్మిది వారాల్లో “ఏం జరిగింది?” అని నన్నెవరూ అడగలేదు. అమ్మ “ఎవరికీ చెప్పకు, కొత్త ఉద్యోగం” అంది. అత్తగారు పథ్యం వండిపెట్టి, మాట మార్చారు. స్నేహితులకి నేనే చెప్పలేదు. ‘గర్భస్రావం జరిగిందా’ అని నన్ను సూటిగా అడిగింది లోకంలో ఆ కాగితం ఒక్కటే. దానికి నేను లేదని చెప్పాను. అది అబద్ధమని నేను అనుకోవడం లేదు, మాట్లాడాల్సిన బాధ్యత లేని చోట మాట్లాడలేదు. కానీ ఆ సున్నా అంకె రాస్తున్నప్పుడు చెయ్యి వణికింది అబద్ధానికి కాదు.

పోయినేడాది మా కాలేజీలో కొత్త నియామకాల కమిటీలో నన్ను వేశారు. అదే ఫారం బల్ల మీదికి వచ్చింది. చివరి పేజీలోని ఏడు గళ్లూ కొట్టేసి, ఎందుకు తీసేయాలో ఒకటిన్నర పేజీ నోటు రాసి జతచేశాను. “ఇది ఎప్పట్నుంచో ఉన్న ఫారం కదమ్మా, ఎవరూ అభ్యంతరం చెప్పలేదు” అన్నారు పై వాళ్లు. ఎవరూ చెప్పలేదన్నది నిజమే. ఎందరు ఏదో ఒకటి రాసేశారో ఎవరికి తెలుసు? ఆ నోటు ఇంకా ఫైల్లోనే ఉంది. ఈలోగా చేరిన ఇద్దరు అమ్మాయిలకి ఫారం నేనే ఇచ్చాను. చివరి పేజీ తీసేసి ఇచ్చాను.